సర్కారు "మీ అభిప్రాయం చెప్పండి" అంటే ఎక్కడ వెతకాలి, ఎక్కడ రాస్తే పనికొస్తుంది: అన్ని దారులూ పక్కపక్కన పెట్టి చూస్తే

మొన్నామధ్య ఒక ఆదివారం పొద్దున్నే మా బాబాయ్ వాట్సాప్‌లో ఒక పేపర్ ఫోటో పెట్టాడు. మడత పడి సగం మసక, ఒక పక్క టెండర్ నోటీసులు, ఇంకో పక్క "నా పాస్‌బుక్ పోయినది" ప్రకటన, మధ్యలో అగ్గిపెట్టంత బాక్సులో అభ్యంతరాలు సూచనలు పంపగలరు అని చీమల్లాంటి అక్షరాలు. కింద ఆయన వాయిస్ మెసేజ్, "ఒరేయ్ ఇది మన రోడ్డు గురించే కదా, ఆన్‌లైన్‌లో ఉందంట, చూసి చెప్పు" అని. ఐదు నిమిషాల పనే కదా అనుకున్నా, గంటన్నర పట్టింది. ఆ ఆఫీసు వెబ్‌సైట్ తెరిస్తే పైన పెద్దవాళ్ళ ఫోటోలు, కింద పరిగెత్తే అక్షరాలు, క్లిక్ చేద్దామంటే మౌస్‌కి అందకుండా పారిపోతాయి, చివరికి డౌన్‌లోడ్స్ లోపల ఇతరములు అనే దాంట్లో స్కాన్ 0042 అనే పేరుతో పీడీఎఫ్ దొరికింది, అదీ అడ్డంగా తిరిగి ఉంది. గడువు ఇంకా మూడు రోజులు. ఇచ్చిన మెయిల్ ఐడీకి రాస్తే మెయిల్‌బాక్స్ నిండిపోయింది అని తిరిగొచ్చింది.

ఆఫీసు పేరు వద్దులెండి, ఒక్కదాని సంగతైతే కదా చెప్పడానికి. ఆ రోజు నుంచి మాత్రం ఎక్కడ ఏ డ్రాఫ్ట్ (ముసాయిదా) వచ్చినా ఎట్లా పట్టుకోవాలి, ఎటు నుంచి రాస్తే లెక్కలోకి వస్తుంది అని చూడటం అలవాటైపోయింది. మా కాలనీ గ్రూపులో అందరూ అడుగుతుంటే ప్రతిసారీ టైప్ చేయలేక ఒకేసారి ఇక్కడ రాసేస్తున్నా.

ముందే నా మాట చెప్పేస్తా, తర్వాత మీ ఇష్టం. ఎక్కువమంది ఏది ఈజీనో అది ఎంచుకుంటారు, రెండు క్లిక్కుల్లో అయిపోయేది. నేను మాత్రం ఎక్కడ రాస్తే అవతలివాడు జవాబు రాతపూర్వకంగా ఇచ్చి తీరాలో అక్కడికే ముందు పోతా. ఆ లెక్కన చూస్తే అందంగా ఉండే పోర్టల్ కిందికి పోతుంది, ఎవరికీ పట్టని కరెంటు చార్జీల విచారణ పైకొస్తుంది. ఎందుకో చూద్దాం.

మైగవ్ తో మొదలుపెడదాం

జనం అభిప్రాయాలు అడగడానికి కేంద్రం పెట్టిన సైట్ ఇది, 2014 జులై 26న మొదలైంది. ఫోన్ నంబర్ కొట్టు, ఓటీపీ కొట్టు, లోపలికి పో, డ్రాఫ్ట్ పక్కనే బాక్స్ ఉంటుంది రాసెయ్. వాడటానికి దీనంత సులువైంది కేంద్రంలో ఇంకోటి లేదు, ఒప్పుకోవాలి. కానీ క్విజ్జులు, లోగో పోటీలు, స్లోగన్ పోటీలు, ప్రతిజ్ఞలు అన్నీ అక్కడే ఉంటాయి, వాటి మధ్యలో అసలైన డ్రాఫ్ట్ రూల్స్ ఎక్కడున్నాయో వెతుక్కోవాలి, పెళ్ళింట్లో మన చెప్పులు వెతుక్కున్నట్టు.

అసలు ఇబ్బంది రాశాక మొదలవుతుంది. డేటా ప్రొటెక్షన్ రూల్స్ డ్రాఫ్ట్ 2025 జనవరి 3న వచ్చింది, ఫిబ్రవరి 18 వరకు టైమ్ ఇచ్చి తర్వాత మార్చి 5 దాకా పెంచారు, మైగవ్ లోనే రూల్ వారీగా రాయమన్నారు. పద్ధతి బాగుంది. అయితే వచ్చిన అభిప్రాయాలు బయటపెట్టం, మా దగ్గరే భద్రంగా ఉంచుకుంటాం అని నోటీసులోనే చెప్పేశారు. అదే ఏడాది నవంబర్‌లో ఫైనల్ రూల్స్ వచ్చాయి. పెద్ద కంపెనీలు ఏం రాశాయి, మనలాంటి వాళ్ళు ఏం రాశారు, దేన్ని తీసుకున్నారు దేన్ని పక్కన పడేశారు, పోల్చి చూసుకునే దారి లేదు. ఉత్తరం డబ్బాలో వేశాం, డబ్బా తాళం వాళ్ళ దగ్గరే ఉంది, అంతే.

అందుకని మైగవ్ ఒక్కటే దారి అని వాళ్ళు చెప్పినప్పుడు అక్కడ రాయండి, సబ్మిట్ నొక్కే ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి, అదే మ్యాటర్‌ని ఆ మంత్రిత్వ శాఖ అధికారి మెయిల్‌కి కూడా పంపండి. వేరే దారి ఉంటే మాత్రం దీన్ని రెండోదిగా పెట్టుకోండి.

గెజిట్: దొరకడం కష్టం, దొరికితే బరువు ఎక్కువ

ఈగెజిట్ డాట్ గవ్ డాట్ ఇన్ అని కేంద్ర గెజిట్ సైట్. దీన్ని మామూలు మనిషి కోసం కట్టలేదు, ఒకసారి తెరిస్తే మీకే తెలుస్తుంది. పార్ట్ 2, సెక్షన్ 3, సబ్ సెక్షన్ 1 అని లెక్కలు, దాంట్లో జీఎస్ఆర్ నంబర్లు, ముందు కొన్ని పేజీలు హిందీ, ఆ తర్వాత ఇంగ్లీషు, తెలుగు అన్న మాటే ఉండదు. చాలామంది హిందీ పేజీలు చూడగానే మనకి కాదులే అని మూసేస్తారు, కిందికి స్క్రోల్ చేస్తే ఇంగ్లీషు ఉంటుంది, అది గుర్తుపెట్టుకోండి.

మరి ఇంత తంటా ఎందుకంటే, డ్రాఫ్ట్ ముందు పబ్లిష్ చేసి తర్వాతే రూల్ చెయ్యాలి అని చట్టంలో ఉన్నచోట 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్ట్ సెక్షన్ 23 వర్తిస్తుంది, గడువు లోపల వచ్చిన ప్రతి అభ్యంతరాన్నీ సూచననీ ఆ అధికారి పరిశీలించి తీరాలి. పరిశీలించలేదు అని రేపు కోర్టుకెళ్తే అది వాదనకి నిలుస్తుంది. మైగవ్ లో మామూలు చర్చ కింద రాసిన కామెంట్‌కి ఆ బలం ఉండదు.

2014లో కేంద్రం ప్రీ లెజిస్లేటివ్ కన్సల్టేషన్ పాలసీ అని ఒకటి తెచ్చింది, ఏ చట్టమైనా డ్రాఫ్ట్ కనీసం 30 రోజులు జనం ముందు పెట్టాలి, దాంతోపాటు మామూలు భాషలో వివరణ ఇవ్వాలి, వచ్చిన అభిప్రాయాల సారాంశం సైట్‌లో పెట్టాలి అని. చదవడానికి ఎంత బాగుందో. కానీ అది పాలసీ, చట్టం కాదు, పాటించకపోయినా అడిగే నాథుడు లేడు.

భాష గురించి ఒక ముచ్చట. 2020లో పర్యావరణ అనుమతుల కొత్త డ్రాఫ్ట్, అదే ఈఐఏ 2020, లాక్‌డౌన్ టైమ్‌లో ఇంగ్లీషు హిందీల్లో మాత్రమే వచ్చింది. ఢిల్లీ హైకోర్టు జూన్ 30న గడువుని ఆగస్టు 11 దాకా పెంచి, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో ఉన్న భాషలన్నింటిలోకి తర్జుమా చేయించమంది, అంటే తెలుగు కూడా. కేంద్రం దాని మీద సుప్రీంకోర్టుకి వెళ్ళింది. తెలుగులో ఇవ్వడానికి ఎంత బాధో చూడండి. అప్పటి నుంచి నేను గెజిట్ డ్రాఫ్ట్‌ని ఫోన్‌లోనే తర్జుమా చేసుకుని చదువుతున్నా, ఒక మాదిరిగా అర్థమవుతుంది, కానీ "షల్" అన్నచోట తప్పనిసరి, "మే" అన్నచోట చేస్తే చెయ్యొచ్చు అని ఉండాల్సింది ఈ తర్జుమా యాప్‌లు ఒక్కోసారి రెండింటినీ "చేయాలి" చేసేస్తాయి. ఆ ఒక్క మాట మీదే మొత్తం రూల్ ఆధారపడి ఉంటుంది, కాబట్టి మీకు కావాల్సిన క్లాజు వరకైనా ఇంగ్లీషు పక్కన పెట్టుకుని చూడండి.

ట్రాయ్: ఆన్‌లైన్ వరకూ చూస్తే ఇదే నంబర్ వన్

ట్రాయ్ అంటే ఫోన్, ఇంటర్నెట్ కంపెనీలని నియంత్రించే సంస్థ, వీళ్ళ సంగతి వేరు. కన్సల్టేషన్ పేపర్ అని పెడతారు, చివర్లో ప్రశ్నలు నంబర్లేసి ఉంటాయి, ఒకటో ప్రశ్న రెండో ప్రశ్న అని వాటికే జవాబు రాయాలి. సాధారణంగా నాలుగు వారాలు కామెంట్లకి, ఆ తర్వాత ఇంకో రెండు వారాలు ఇతరులు రాసినదానికి మన జవాబు రాయడానికి. ఇది నాకు భలే నచ్చుతుంది, ఎందుకంటే కంపెనీలు పంపినవి సైట్‌లో పెడతారు, అవి చదివి "ఆ కంపెనీ ఫలానా పేజీలో చెప్పింది తప్పు" అని మనం రాయొచ్చు. ఆ తర్వాత ఓపెన్ హౌస్, అంటే అందరూ వచ్చి మాట్లాడే సమావేశం, ఆ తర్వాతే నిర్ణయం, ఆ నిర్ణయంలో ఎవరేమన్నారు మేమెందుకు ఒప్పుకున్నాం ఒప్పుకోలేదు అని రాస్తారు. పాత పేపర్లన్నీ కూడా సైట్‌లో అట్లాగే ఉంటాయి.

2015లో నెట్ న్యూట్రాలిటీ, అంటే ఇంటర్నెట్‌లో అన్ని సైట్లనీ ఒకేలా చూడాలి అన్న గొడవ గుర్తుందా, పది లక్షలకు పైగా మెయిల్స్ పోయాయి, అప్పుడు ట్రాయ్ మెయిల్ ఐడీలతో సహా మొత్తం సైట్‌లో పెట్టేసింది, స్పామ్ వాళ్ళకి పండగ. కాబట్టి ఇట్లాంటి వాటికి వేరే మెయిల్ ఐడీ ఒకటి పెట్టుకోండి, అడ్రస్ అడగకపోతే ఇవ్వకండి. ఆ ఏడాది చివర్లో ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్ లాంటి, కొన్ని సైట్లే ఉచితంగా ఇచ్చే పథకాల మీద పేపర్ వచ్చినప్పుడు ఒకే మాటలతో బటన్ నొక్కి పంపిన మెయిల్స్ లక్షల్లో వస్తే, ఇవి మేం అడిగిన ప్రశ్నలకి జవాబులు కావు అని ట్రాయ్ చెప్పింది. 2016 ఫిబ్రవరి 8న వచ్చిన రెగ్యులేషన్‌లో వెబ్‌సైట్‌ని బట్టి రేటు పెట్టడాన్ని నిషేధించింది. గ్రూపుల్లో వచ్చే "దీన్ని కాపీ పేస్ట్ చేసి పంపండి" మెసేజ్‌ల మీద నాకు పెద్ద నమ్మకం లేకపోవడానికి అదొక కారణం.

సెబీ, రిజర్వ్ బ్యాంక్ కూడా దాదాపు ఈ దారిలోనే ఉన్నాయి, డ్రాఫ్ట్ పెట్టి సైట్‌లోనే ఫారం ఇస్తాయి. ఈఎంఐ, లోన్ యాప్, మ్యూచువల్ ఫండ్ విషయమైతే అక్కడికి పోండి.

అసలు మొనగాడు: కరెంటు చార్జీల విచారణ

ఇది చెప్తే నవ్వుతారు గానీ దేశంలో మామూలు మనిషికి ఇంతకంటే మంచి కన్సల్టేషన్ నాకు కనబడలేదు. 2003 ఎలక్ట్రిసిటీ యాక్ట్ సెక్షన్ 64 ప్రకారం డిస్కం, అంటే మనకి కరెంటు పంపిణీ చేసే సంస్థ, రేట్లు పెంచాలంటే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ ముందు పిటిషన్ వెయ్యాలి, దాని సారాంశం పబ్లిష్ చెయ్యాలి, జనం చెప్పిన అభ్యంతరాలు సూచనలు అన్నీ చూశాకే కమిషన్ 120 రోజుల్లో తేల్చాలి. ఆ కమిషన్ పేరు తెలంగాణలో టీజీఈఆర్సీ, ఆంధ్రాలో ఏపీఈఆర్సీ. డిస్కంలు మామూలుగా నవంబర్ చివరికల్లా వచ్చే ఏడాది లెక్కలు వెయ్యాలి, కాబట్టి డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పేపర్ల మీద ఒక కన్నేసి ఉంచండి, మూడు నాలుగు కాలమ్‌ల పెద్ద ప్రకటనే వస్తుంది, అగ్గిపెట్టె సైజు కాదు.

మీరు చేయాల్సింది ఏంటంటే మీ అభ్యంతరం డిస్కంకి పంపి, ఒక కాపీ పంపినట్టు ఆధారంతో కమిషన్‌కి పంపాలి, నేరుగా వచ్చి మాట్లాడతా అని అందులోనే రాయాలి. డిస్కం మీ ఒక్కొక్క పాయింట్‌కీ రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఆ తర్వాత విచారణ రోజున పేరు పిలుస్తారు, తెలుగులో మాట్లాడొచ్చు. చివర్లో వచ్చే టారిఫ్ ఆర్డర్ తెరిచి చూడండి, వందల పేజీలు, దాంట్లో అభ్యంతరం ఇది, డిస్కం జవాబు ఇది, కమిషన్ అభిప్రాయం ఇది అని మూడు ముక్కలుగా రాసి ఉంటుంది, వెనకాల అభ్యంతరాలు చెప్పినవాళ్ళ పేర్ల లిస్ట్. ఒక రైతు పేరు, పక్కనే ఒక స్పిన్నింగ్ మిల్లు పేరు, ఒకే లిస్టులో, ఒకే సైజు అక్షరాల్లో. మొదటిసారి చూసినప్పుడు ఎందుకో చాలా సేపు ఆ పేజీ దగ్గరే ఆగిపోయా.

ఫలితం ఉంటుందా అంటే, 2024లో తెలంగాణ డిస్కంలు నెలకి 300 యూనిట్లు దాటిన ఇళ్ళకి ఫిక్స్‌డ్ చార్జీ కిలోవాట్‌కి 10 రూపాయల నుంచి 50 చేస్తామని అడిగాయి. విచారణలు జరిగాయి, అక్టోబర్ 28న కమిషన్ కుదరదు అంది. జనం మాట్లాడటం వల్లే అయిందని నేను అనను, కమిషన్ లెక్కలు దానికుంటాయి, కానీ ఆ మాటలన్నీ రికార్డులో ఉన్నాయి, అది చాలు నాకు.

లోటు లేదా అంటే ఉంది. పిటిషన్లు ఇంగ్లీషులో పట్టికలతో నిండి ఉంటాయి, మామూలు మనిషికి కొరుకుడు పడవు. ఒక చిట్కా, మొత్తం చదవకండి, మీ కేటగిరీ ఎల్టీ 1 (ఇళ్ళ కనెక్షన్) అయితే ఆ టేబుల్ ఒక్కటి వెతికి ఇప్పుడున్న రేటు, అడుగుతున్న రేటు రెండూ రాసుకోండి, మీ ఆరు నెలల బిల్లులు పక్కన పెట్టండి, అభ్యంతరం దానంతటదే తయారవుతుంది.

ఫ్యాక్టరీ, క్వారీ, గని వస్తుంటే: ప్రజాభిప్రాయ సేకరణ

2006 ఈఐఏ నోటిఫికేషన్, అంటే పర్యావరణ అనుమతుల రూల్స్ కింద జరిగేది ఇది, ఆన్‌లైన్ కంటే షామియానా కింద జరిగేది అనాలి. పొల్యూషన్ కంట్రోల్ బోర్డు కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పేపర్‌లో, ఒక తెలుగు పేపర్‌లో ప్రకటన ఇవ్వాలి. రిపోర్ట్ సారాంశం తెలుగులో ఉండాలి, కలెక్టర్ ఆఫీసులో, జిల్లా పరిషత్‌లో, పంచాయతీ లేదా మున్సిపాలిటీలో చూడ్డానికి పెట్టాలి. కలెక్టర్ గానీ అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి గానీ కూర్చోవాలి, మొత్తం వీడియో తియ్యాలి. ఇంతమంది రావాలి అనే కోరం లేదు, అంటే పదిమంది వచ్చినా విచారణ అయిపోయినట్టే లెక్క, జాగ్రత్త.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. చివర్లో మినిట్స్, అంటే ఎవరేం మాట్లాడారో రాసుకున్న కాగితం, అక్కడే, జనం ముందే, మన భాషలో చదివి వినిపించాలి. సాయంత్రం అయ్యేసరికి మైకులు గీపెడుతుంటాయి, అందరూ భోజనాలకో బస్సుకో లేచిపోతారు, అప్పుడు చదువుతారు లేదా చదవకుండా సంతకాలు పెట్టేస్తారు. ఒకళ్ళిద్దరు మాత్రం కుర్చీలోంచి లేవకండి, "మేం చెప్పిన బోరుబావుల మాట రాశారా" అని అడగండి. పైన ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో కూర్చున్న కమిటీ మన ఊరు చూడకపోవచ్చు, ఆ మినిట్స్‌లో ఉన్నదే వాళ్ళ చేతికి వెళ్తుంది.

ఆన్‌లైన్‌లో కావాలంటే పర్యావరణ అనుమతుల కోసం కేంద్రం పెట్టిన పరివేష్ పోర్టల్ ఉంది, 2018 ఆగస్టులో వచ్చింది. ప్రపోజల్ నంబర్ తెలిస్తే బాగానే దొరుకుతుంది, తెలియకపోతే రాష్ట్రం, జిల్లా, కేటగిరీ అని గాలించాలి. పొల్యూషన్ బోర్డు సైట్‌లో నోటీసు దొరికితే ముందు ప్రాజెక్టు పూర్తి పేరు రాసుకోండి, దాంతో పరివేష్‌లో వెతకండి, ఈ వరసలోనే. వెళ్ళలేనివాళ్ళు రాతపూర్వకంగా కూడా పంపొచ్చు, ఊరికి దూరంగా హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండేవాళ్ళు, పొలం మాత్రం ఊళ్ళో ఉన్నవాళ్ళు అట్లా చెయ్యండి. కానీ రెండిట్లో ఒకటే ఎంచుకోమంటే మనిషి వెళ్ళడమే మేలు.

మాస్టర్ ప్లాన్: అందరూ ఆలస్యంగా మేలుకునేది

మీ పొలం, మీ ప్లాట్ ఏ రంగులో ఉందో చెప్పే మ్యాప్ ఇది. 2023 జనవరిలో కామారెడ్డిలో ఏం జరిగిందో చూశాం కదా, డ్రాఫ్ట్ మాస్టర్ ప్లాన్‌లో పొలాలు ఇండస్ట్రియల్ జోన్‌లోకి పోయాయని రైతులు కలెక్టరేట్ ముందు కూర్చున్నారు, చివరికి మున్సిపల్ కౌన్సిలే తీర్మానం చేసి వెనక్కి తీసుకుంది. అభ్యంతరాలకి గడువు ఇచ్చిన ప్లానే అది.

ఇక్కడ ఆన్‌లైన్ అంటే ఏంటంటే పెద్ద జేపెగ్ బొమ్మ, జూమ్ చేస్తే సర్వే నంబర్లు పిక్సెల్స్ అయిపోతాయి. నా సలహా సూటిగా చెప్తా, సైట్‌లో టైమ్ వేస్ట్ చేయకుండా మున్సిపల్ ఆఫీసుకి పోండి, గోడ మీద తగిలించిన పెద్ద షీట్ దగ్గర నిలబడి మీ సర్వే నంబర్ చూసుకుని ఫోటో తీసుకోండి, అభ్యంతరం రెండు కాపీలు రాసి ఒకదాని మీద ఇన్‌వార్డ్ ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ ముద్ర ఉన్న కాగితం ముందు ఏ పోర్టల్ వచ్చినా దిగదుడుపే.

రాష్ట్ర ప్రభుత్వాల మిగతా డ్రాఫ్టులు, జీవోలు అయితే ఇంకా గందరగోళం. ఏపీలో 2021 ఆగస్టులో జీవోలు పబ్లిక్ సైట్‌లో పెట్టడమే ఆపేశారు, 2024లో ప్రభుత్వం మారాక మళ్ళీ పెడుతున్నారు. అయిపోయిన ఆర్డర్ చూడ్డానికే ఇంత కథ ఉంటే డ్రాఫ్ట్ సంగతి మీరే ఊహించుకోండి.

పార్లమెంట్ కమిటీ గురించి రెండు ముక్కలు

బిల్లు కమిటీకి వెళ్తే మెమోరాండం, అంటే మన అభిప్రాయం రాసిన పత్రం, పంపమని ప్రకటన వస్తుంది, మామూలుగా 15 రోజులు, ఇంగ్లీషు లేదా హిందీలో రెండు కాపీలు అంటారు. ఒకటే హెచ్చరిక, పంపాక అది కమిటీ ఆస్తి, రిపోర్ట్ సభలో పెట్టేదాకా రహస్యం, ఫేస్‌బుక్‌లో "నేను కమిటీకి ఇది పంపా" అని మొత్తం పెట్టేయకండి. ఏ బిల్లు ఏ కమిటీ దగ్గర ఉందో పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సైట్‌లో చూసుకోండి, అధికారిక సైట్ల కంటే వాళ్ళ సారాంశాలే తేలిగ్గా ఉంటాయి. ముంబైలో సివిస్ అని ఒక సంస్థ ఉంది, డ్రాఫ్టులని మామూలు మాటల్లోకి మార్చి పెట్టి, జనం అభిప్రాయాలు పోగుచేసి ప్రభుత్వానికి పంపుతుంది. మొదటిసారి రాసేవాళ్ళకి అది మంచి బడి. అయితే వాళ్ళ ద్వారా పంపినా మీ సొంత మెయిల్ కూడా ఒకటి పోనివ్వండి, కట్టలో ఒకటిగా పోవడం వేరు, విడిగా పోవడం వేరు.

బయట ఎట్లా ఉందంటే

అమెరికాలో మనవాళ్ళకి ఇది బాగా తెలుసు. హెచ్4 వీసా వాళ్ళకి, అంటే హెచ్1బీ మీద పనిచేసేవాళ్ళ భార్యాభర్తల్లో కొందరికి, వర్క్ పర్మిట్ ఇచ్చే రూల్ 2014 మే నెలలో డ్రాఫ్ట్‌గా వచ్చినప్పుడు దాదాపు 13,000 కామెంట్లు వెళ్ళాయి, 2015 ఫిబ్రవరిలో ఫైనల్ రూల్ వచ్చింది. సైన్స్, ఇంజనీరింగ్ చదివినవాళ్ళు చదువయ్యాక కొన్నాళ్ళు పనిచేసుకునే స్టెమ్ ఓపీటీ డ్రాఫ్ట్‌కి 50,000 దాటాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మన బంధువుల్లో ఎవరో ఒకరు రెగ్యులేషన్స్ డాట్ గవ్ లో రాసే ఉంటారు. అక్కడ ప్రతి డ్రాఫ్ట్‌కీ ఒక డాకెట్ నంబర్, ఆ నంబర్ కొడితే డ్రాఫ్ట్, కామెంట్లు, ఫైనల్ రూల్ అన్నీ ఒకేచోట. ముఖ్యమైన అభ్యంతరాలకి ఫైనల్ రూల్‌లో జవాబు రాయాలి. ఇంగ్లండ్ వాళ్ళది ఇంకా సింపుల్, ఒకే పేజీ, ముందు "తెరిచి ఉంది" అని ఉంటుంది, గడువయ్యాక "మూసేశాం" అవుతుంది, తర్వాత "ఫలితం" అని అదే లింక్‌లో ప్రభుత్వ జవాబు వస్తుంది. లింక్ మారదు, అదీ విశేషం. మన దగ్గర ఆర్నెల్ల తర్వాత అదే లింక్ కొడితే పేజీ దొరకలేదు అని వస్తుంది.

ఇది ఆఫీసుల్లో పనిచేసే వాళ్ళు కూడా చదువుతారని తెలుసు, అందుకని వాళ్ళకో మాట. కొత్త పోర్టల్ కట్టడానికి కోట్లు అక్కర్లేదండీ. గూగుల్ ఫారం పెడతారా, ఈజీనే, కానీ రాసినవాడికి తన కాపీ మెయిల్‌కి వచ్చే సెట్టింగ్ ఆన్ చెయ్యండి, చాలామంది చెయ్యరు. మెయిల్ పెడతారా, అది అధికారి సొంత పేరు మీద కాకుండా పదవి పేరు మీద ఉండాలి, ఆయన ట్రాన్స్‌ఫర్ అయితే ఉత్తరాలు గాల్లో పోకూడదు, మెయిల్‌బాక్స్ ఖాళీగా ఉందో లేదో వారానికోసారి చూడండి. వాట్సాప్ నంబర్ పెడితే జనం బాగా పంపుతారు, వాయిస్ మెసేజ్‌లు కూడా, కానీ వాటిని విని ఎక్కించే మనిషి లేకపోతే అది చెత్తబుట్టే. ఏపీలో మన మిత్ర అనే సర్కారు వాట్సాప్ సేవ 2025 జనవరి 30న 161 సర్వీసులతో మొదలైంది కదా, సర్టిఫికెట్లు ఇచ్చే ఆ వాట్సాప్ లోనే "మీ జిల్లాలో ఇప్పుడు అభిప్రాయాలు అడుగుతున్నవి" అని ఒక లైన్ పెడితే ఎంత బాగుంటుంది. వీటన్నిట్లో నన్ను ఒకటే ఎంచుకోమంటే మెయిల్ ప్లస్ మారని లింక్ ఉన్న ఒక పేజీ, పీడీఎఫ్ టైప్ చేసిందై ఉండాలి, స్కాన్ వద్దు, వెతికితే మాట దొరకాలి, ఫోన్‌లో తర్జుమా కావాలి. అంతకన్నా ఏమీ అడగట్లేదు.

మరి ముందుగా తెలిసేదెట్లా

నేను చేసేది చెప్తా. గూగుల్ అలర్ట్స్‌లో మా జిల్లా పేరు పక్కన "ప్రజాభిప్రాయ సేకరణ" అని ఒకటి, "అభ్యంతరాలు సూచనలు" అని ఒకటి, ఇంగ్లీషులో "పబ్లిక్ హియరింగ్" అని ఒకటి పెట్టుకున్నా. పేజీ మారితే చెప్పే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి, పొల్యూషన్ బోర్డు నోటీసుల పేజీకీ కరెంటు కమిషన్ పేజీకీ అవి పెట్టా. ఇవన్నీ చేసినా సగం సార్లు ముందు చూసేది మా బాబాయే, టీ తాగుతూ పేపర్ చివరి పేజీలు కూడా వదలడు కాబట్టి. మీ అపార్ట్‌మెంట్‌లో అట్లాంటి రిటైర్డ్ పెద్దాయన ఒకరుంటే ఆయన్ని గ్రూప్ అడ్మిన్ చేసేయండి, ఏ యాప్ కన్నా నయం.

రాసేటప్పుడు పెద్ద వ్యాసం వద్దు. ఏ క్లాజు, ఏ పేజీ, అందులో ఏది మార్చాలి, దాని బదులు ఏం రాయాలి, ఎందుకు, మీ ఊరి ఉదాహరణ ఒకటి. ఒక పేజీ చాలు. "ప్రజలకు తీవ్ర నష్టం" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు, "క్లాజు 4లో 15 రోజులు అన్నది 30 చేయండి, మా మండలంలో రిపోర్ట్ కాపీ తెచ్చుకోవడానికే వారం పడుతుంది" అని రాస్తే దాన్ని తీసుకోవాలి లేదా ఎందుకు తీసుకోలేదో ఆలోచించాలి.

ఇంతకీ ఆ రోజు తిరిగొచ్చిన మెయిల్ సంగతి. అది ప్రింట్ తీశా, మెయిల్‌బాక్స్ నిండింది అన్న మెసేజ్ కూడా ప్రింట్ తీసి వెనక పిన్ చేశా, సోమవారం పొద్దున పోస్టాఫీసుకి వెళ్ళి రిజిస్టర్డ్ పోస్ట్ అంటే కౌంటర్‌లో ఆవిడ "అది స్పీడ్ పోస్ట్‌లో కలిసిపోయింది కదండీ" అంది. సరే అదే చేయించా. రసీదు ఫోటో తీసి బాబాయ్‌కి పంపితే, "నాదీ ఒకటి పంపాల్సింది కదరా" అని వాయిస్ మెసేజ్. మర్నాడు ఆయన్ని బండెక్కించుకుని తీసుకెళ్ళా, ఇంకా ఒక రోజు ఉంది మరి.